ముప్ఫై ఎనిమిది గడపల సారె

నమోదు 1. ఇంకా 24 రోజులు. బరువు 77.4

కొత్తరేవు తూకం గదిలో పదకొండేళ్ళుగా పుస్తకాలు నింపుతున్నాను. అన్నీ ఎదుటివాళ్ళ బరువులే. ఇవాళ నా బరువు రాసుకోవడానికి ఒక పుస్తకం తెరిచాను. ఎందుకంటే నేను కూడా ఆ పిచ్చివాళ్ళ వరసలో చేరాను.

పిచ్చివాళ్ళంటే ప్రయాణికులు. నూనెతో నడిచే పడవలు పోయి గాలికి నడిచే ఈ తేలిక ఓడలు వచ్చిన దగ్గర్నుంచి సముద్రం దాటాలంటే మనిషినీ మూటనూ కలిపి కాటా మీద నిలబెడతారు. నిలబెట్టేది నేనే. టికెట్టు మీది బరువుకు వంద గ్రాములు మించినా మూట విప్పిస్తాను. నా ముందు ఏడ్చినవాళ్ళున్నారు, శాపనార్థాలు పెట్టినవాళ్ళున్నారు, పక్కకెళ్ళి తిన్నదంతా కక్కేసి మళ్ళీ కాటా ఎక్కినవాడూ ఒకడున్నాడు. అందరి మీదా నాది ఒకటే అభిప్రాయం. ఇంట్లో కూర్చోలేరా?

పొద్దున్నే చుక్కలదీవి నుంచి మా చెల్లెలు అసిరమ్మ ఫోను చేసింది. ఆ దీవికి మాట ఒక్కటే వెళ్తుంది, బొమ్మ వెళ్ళదు.

"అన్నా, ఈ పాలైనా ఒస్తావా, రావా? పదకొండేళ్ళనించి మా అన్న సారె తెస్తాడు, తెస్తాడు అని వీదంతా సెప్పుకుంటన్నాను. ఈ పాలి తేకపోతే నాకు అన్న లేడని సెప్పేస్తాను. ఉన్నావనుకుని సిగ్గుపడ్డం కన్నా లేవనుకోడమే మేలు."

సారె అంటే పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు మోసుకెళ్ళే తీపి. అది ఆ పిల్ల తినడానికి కాదు. వీధిలో ప్రతి గడపకూ పంచడానికి. ఒక్క గడప తప్పినా ఆ పిల్లకు తల కొట్టేసినట్టే. బుద్ధున్నవాడెవడూ కనిపెట్టని ఆచారం.

దాని పెళ్ళికి నేను సారె పంపలేదు. ఆ గురువులు అనేవాడు సముద్రపు నాచు ఎండబెట్టుకుని బతికేవాడు. వాణ్ణే చేసుకుంటానంది. "ఆ దీవి చిల్లు పడ్డ కుండ. పదేళ్ళు తిరిగేసరికి ఆ వీధిలో కుక్క కూడా మిగలదు. అప్పుడు ఏడ్చుకుంటూ నా గుమ్మానికే వస్తావు," అన్నాను. అన్నది అన్నదే. తర్వాత మేం మాట్లాడుకోవడానికి ఏడేళ్ళు పట్టింది.

ఉన్న ఒక్క చెల్లెలికి నేను చచ్చినవాణ్ణి కావడం నాకు ఇష్టం లేదు. అందుకని, వస్తానన్నాను.

"ఎన్నిళ్ళే మీ వీధి?"

"ముప్పై ఒకటి."

"ముప్ఫై ఒక్క ఇళ్ళా? అది వీధా, వరండానా?"

ఫోను పెట్టేసింది.

చుట్టాల టికెట్టు కావాలంటే రెండేళ్ళ వరస. బడ్జెట్ విహారం టికెట్టు అయితే నెలలో దొరుకుతుంది. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, మనిషితో కలిపి ఎనభై కిలోలు. టికెట్లు అమ్మే యంత్రం పేరు యాత్రామిత్ర. దాని గొంతు వింటే పళ్ళు జివ్వుమంటాయి.

"నమస్కారం తవిటినాయుడు గారూ! ఉష్ణమండల స్వర్గానికి స్వాగతం! మీ యాత్రలో ప్రధాన ఆకర్షణ ఏది? ఇసుక తిన్నెలా, సూర్యాస్తమయమా?"

"చెల్లెలు," అన్నాను.

"ఆ ఎంపిక లేదు. సూర్యాస్తమయం నమోదు చేస్తున్నాను. చుక్కలదీవి ప్రశాంతత: మూడు నక్షత్రాలు!"

నమోదు 2. ఇంకా 22 రోజులు. బరువు 77.2

రెండు అరిసెలు, ఒక సున్నుండ, ఒక లడ్డూ. గడపకు రెండు వందల గ్రాములు. ముప్ఫై ఒక్క గడపలకు ఆరు కిలోల రెండు వందలు. బుట్ట, చెల్లెలికి చీర, గాజులు, పసుపు కుంకుమ, నా ఒంటిమీది గుడ్డలు, చెప్పులు అన్నీ కలిపితే ఇంకో రెండు కిలోల పైచిలుకు. అంటే కాటా ఎక్కే రోజుకు నేను డెబ్భై ఒకటిన్నర కిలోల మనిషిని కావాలి.

ఇలా తీపి కోసం కండ కరిగించుకునేవాళ్ళని సారె ఉపవాసగాళ్ళు అంటాం. తూకం గదిలో వాళ్ళ మీద వేసే జోకులు సగం నేను కట్టినవే.

తీపి చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, గున్నమ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి, రేవు వెనకాల దుకాణం. ఆమెకూ నాకూ పాత కథ ఉంది. ఆరేళ్ళ క్రితం కూతురి దగ్గరికి సారె పట్టుకెళ్తూ నా కాటా ఎక్కింది. నాలుగు కిలోలు ఎక్కువ. బుట్ట మొత్తం తీసేయించాను. ఏ దీవికి వెళ్తోందో గుర్తు లేదు, నాకు బరువే గుర్తుంటుంది. తీసేసిన సరుకు తొట్టిలో పారెయ్యాలని నియమం. ఆ సాయంత్రం నేనూ, నా కింద పనిచేసే ఢిల్లేశ్వరరావూ కూర్చుని ఆ అరిసెలు తిన్నాం. చాలా బావున్నాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

దుకాణంలోకి అడుగు పెట్టగానే ఆమె చేతిలో గరిటె ఆగింది.

"ఓలమ్మ, తూకం బాబు! ఏటి, నా పొయ్యి కూడా తూకమేస్తావేటి?"

"సారె కావాలి. చెల్లెలికి."

"నీకు సెల్లెలుందా?" అని తలుపు దగ్గరున్న ఆడవాళ్ళందరికీ వినపడేలా నవ్వింది. "ఏ దీవి?"

"చుక్కలదీవి."

నవ్వు ఆపేసింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఎన్ని గడపలు?"

"ముప్ఫై ఒకటి."

"ఎవులు సెప్పారు?"

"చెల్లెలే చెప్పింది. ఏం, ఎక్కువా?"

"నాకేటి తెలుస్తాది," అని మళ్ళీ గరిటె తిప్పింది. "సేస్తాను. కానీ పిండి నువ్వే దంచాల. రోజూ సాయంత్రం ఒచ్చి దంచు."

మిల్లు పక్కనే ఉంది. అయినా దంచమంటోంది. పగ తీర్చుకుంటోందని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ఒప్పుకున్నాను.

నమోదు 3. ఇంకా 18 రోజులు. బరువు 75.6

పొద్దున గంజి, మధ్యాహ్నం దోసకాయ, సాయంత్రం రోకలి. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. దంచుతుంటే బెల్లం వాసన ముక్కులోకి కొడుతుంది. గున్నమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని సున్నుండ కొరుకుతూ నన్ను చూస్తుంది.

"మోకాళ్ళు వంచు బాబూ. రోకలికి నీ ఉద్యోగం తెలీదు."

వీధిలో సారె ఉపవాసగాళ్ళు నన్ను గుర్తుపట్టారు. రోజూ మూడు పూటలు మెట్లు ఎక్కి దిగే గుంపు ఒకటుంది, అందులో ఒకాయన "రండి నాయుడు గారూ, మాతో నడవండి," అన్నాడు. పోయిన ఏడు ఆయన తెచ్చిన కాజాల డబ్బా నేనే తీసేయించాను. ఆ మర్యాద చూసి నాకు ఒళ్ళు మండింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

నమోదు 4. ఇంకా 15 రోజులు. బరువు 74.7

అసిరమ్మ ఫోను.

"అన్నా, ముప్పై నాలుగు గడపలకి తే. మూడిళ్ళు కొత్తవి కట్టినారు."

"ఆ దీవిలో ఇళ్ళు కడుతున్నారా? ఎవడే ఆ తెలివి తక్కువ సన్నాసి?"

"ఎందుకొచ్చిన నోరు నీకు? మా వీది నువ్వనుకున్నట్టు లేదు. జనం ఒస్తన్నారు. నడవడానికి సోటు లేదు."

"అంత జనం ఉంటే వెనకాల ఒక్క చప్పుడూ వినపడదేం?"

"అందరూ నాచు కోతకెల్నారు," అంది.

మూడు గడపలంటే ఇంకో ఆరు వందల గ్రాములు నా ఒంట్లోంచే పోవాలి. దోసకాయ సగం చేశాను.

నమోదు 5. ఇంకా 11 రోజులు. బరువు 73.3

రేవు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈ ఋతువు అయ్యాక చుక్కలదీవికి పడవ ఉండదు. నేను వెళ్ళొచ్చాక ఇంకొక్కటే పడవ, అదే ఆఖరిది. కారణం: ప్రయాణికుల కొరత.

ఆశ్చర్యం ఏముంది? ఆ దీవికి వెళ్ళేవాళ్ళు ఏటేటా తగ్గుతున్నారని నా పుస్తకాలే చెబుతున్నాయి. బుద్ధి వచ్చిందనుకున్నాను. అక్కణ్ణించి వచ్చేవాళ్ళ సంగతి నాకు తెలియదు. వాళ్ళు గోడకు అవతల దిగుతారు. వాళ్ళకు వేరే తలుపు, వేరే గుమస్తా, వేరే పుస్తకం. పదకొండేళ్ళలో నేను ఆ గోడ దాటి చూడలేదు. నా పని ఎక్కించడం, అంతే.

యాత్రామిత్రను అడిగాను, ఆ దీవిలో ఏం జరుగుతోందని.

"శుభవార్త తవిటినాయుడు గారూ! చుక్కలదీవి ప్రశాంతత ఇప్పుడు ఐదు నక్షత్రాలు! మీ సూర్యాస్తమయానికి అడ్డొచ్చేవారెవరూ ఉండరు!"

దీన్ని తయారుచేసినవాడు దొరికితే గున్నమ్మ రోట్లో వెయ్యాలి.

చెల్లెలికి ఫోను చేసి పడవ ఆగిపోతుందని చెప్పాను. "తెలుసు," అంది. "అందుకే ఈ పాలి రమ్మన్నాను." ఆ మాట నాకు గుచ్చుకుంది. అది కప్పిపుచ్చుకోవడానికి, "నీ వీధి అంత వెలిగిపోతుంటే పడవెందుకు ఆపుతారే?" అని దెప్పాను.

వెంటనే అంది, "ముప్పై ఎనిమిది గడపలు తే."

నమోదు 6. ఇంకా 6 రోజులు. బరువు 71.9

ముప్ఫై ఎనిమిది గడపలకు నేను 70.2కు దిగాలి. ఢిల్లేశ్వరరావు రోజూ నన్ను కాటా ఎక్కించి అంకె పైకి చదువుతున్నాడు, గది మొత్తం వినేలా. అలా చదవడం వాడికి నేర్పింది నేనే. అంకె వినపడితే ప్రయాణికుడు సిగ్గుపడి తనే మూట విప్పుతాడని.

"మాస్టారూ, మీసం తీసెయ్యండి. ముప్పావు కిలో ఉంటాది."

"నోరుముయ్యి."

"మరి నాలుగు గడపలు తగ్గించండి. ఎవులు లెక్కెడతారు?"

"ఎవరికి తగ్గిస్తాం రా? ఆ నాలుగు గడపలవాళ్ళు రేపు అసిరమ్మ మొహం చూసి పక్కకు తిరిగితే?"

అన్నాక నాకే వినపడింది. ఇదే మాట నా ఎదుట ఎంతమంది అన్నారో. వాళ్ళందరికీ నేను చెప్పిన జవాబు ఒకటే: "తర్వాతి వాళ్ళు రండి."

నమోదు 7. ఇంకా 1 రోజు. బరువు 70.7

గుండు చేయించుకున్నాను. మీసం కూడా తీయించాను. ముప్పావు కిలో అన్నాడు గదా, రెండూ కలిపినా వంద గ్రాములు లేదు. అద్దంలో ఎవడో పెళ్ళి చెడిన పూజారిలా ఉన్నాడు.

గున్నమ్మ ఒక్కో గడప వాటా ఒక్కో ఆకులో కట్టి, దారం చుట్టి బుట్టలో పేర్చింది. ముప్ఫై ఎనిమిది ఆకు మూటలు. పైన తడిగుడ్డ కప్పింది.

"బాబూ, దారిలో తినీకు."

"నేను తిననని నీకు నమ్మకం లేదా?"

"లేదు," అంది.

నమోదు 8. పడవ రోజు. బరువు 70.5

రాత్రంతా నీళ్ళు కూడా తాగలేదు. అయినా మూడు వందల గ్రాములు ఎక్కువ.

"ఎనభై దశాంశం మూడు!" అని ఢిల్లేశ్వరరావు చదివాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా కాటా, నా గది, నేను తర్ఫీదు ఇచ్చిన కుర్రాడు.

"రెండు గడపలు తియ్యండి మాస్టారూ. నియమం. మీరే నేర్పారు."

వాడి కళ్ళలో ఎకసెక్కం లేదు, అదే ఇబ్బంది. నిజంగానే నియమం చెబుతున్నాడు. నేను బుట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. పదకొండేళ్ళుగా ఇలా బుట్ట మీద చెయ్యి వేసినవాళ్ళని చూసి ఎంత నవ్వుకున్నానో. చివరికి చెప్పులు విప్పి కాటా పక్కన పెట్టాను. మూడు వందల యాభై గ్రాములు.

"డెబ్భై తొమ్మిది దశాంశం తొంభై అయిదు. తర్వాతి వాళ్ళు రండి!"

చెప్పులు తొట్టిలో పడిన చప్పుడు వినపడింది. ఒట్టికాళ్ళతో పడవ ఎక్కాను. చెక్క కాలుతోంది.

నమోదు 9. పడవ మీద.

ఎనిమిది మంది ప్రయాణికులం. నాతో పాటు చుక్కలదీవిలో దిగేది ఇద్దరు, కొత్తగా పెళ్ళయిన జంట, నిజంగానే సూర్యాస్తమయం కోసం. ఐదు నక్షత్రాలు చూసి వచ్చారట. ఆ అబ్బాయి నా బుట్ట చూసి, "అంకుల్, దారిలో తినడానికా?" అన్నాడు. సారె అంటే ఏమిటో వాడికి చెప్పాను. "ఇంటింటికీనా? ఆన్‌లైన్లో పంపకూడదా?" అన్నాడు. నెల క్రితం నేనూ ఇదే మాట అనేవాణ్ణి. వీణ్ణి సముద్రంలోకి తొయ్యాలనిపించింది.

నమోదు 10. చుక్కలదీవి. ఇక్కడ కాటా లేదు.

రేవులో అసిరమ్మ, గురువులు నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళ తర్వాత చెల్లెల్ని చూశాను. ముందువైపు జుట్టు నెరిసింది. నా గుండు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటన్నా, ఎవులైనా పోయారేటి?"

"నా సుఖం పోయింది. పద."

గురువులు బుట్ట అందుకోబోతే నేనివ్వలేదు. సారె బుట్ట తెచ్చినవాడే మొయ్యాలి. వీధి మలుపు తిరిగాం.

నల్లటి నాచురాతి గోడలు, కొబ్బరాకు చూర్లు, అటూ ఇటూ ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ ఊడ్చి కళ్ళాపి జల్లి ఉంది. ముగ్గులు కూడా ఉన్నాయి. మనుషులు లేరు. తలుపులన్నిటికీ తాళాలు. మూడు గుమ్మాల్లో మాత్రం ముసలివాళ్ళు కూర్చుని మావైపు చూస్తున్నారు. ఆ మూడూ కాక చెల్లెలి ఇల్లు. అంతే వీధి.

"జనమేరి?" అన్నాను.

గురువులు నేలచూపులు చూస్తున్నాడు.

"అసిరీ, జనమేరి? నాచు కోతకు వెళ్ళారా?"

"ఎల్పోనారు. ఆరేళ్ళనించి ఒక్కొక్కలే. ఈళ్ళు ముగ్గురు ముసిలోలు మిగిలారు."

"మరి ముప్ఫై ఎనిమిది..."

"ముప్పై ఒకటి నిజం. ఇళ్ళు లెక్కెట్టుకో, ఉన్నాయి. ఏడు అబద్దం." నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "వరండా అన్నావు. సన్నాసులన్నావు. నువ్వు దెప్పినప్పుడల్లా పెంచినాను. మరేటి సెయ్యను? కుక్క కూడా మిగలదని నువ్వే గదా అన్నావు? నువ్వు సెప్పినట్టే అయిందన్నా, నువ్వే గెలిచావన్నా అని ఫోనులో ఏడవమంటావా?"

నేను చెప్పింది అక్షరాలా జరిగింది. ఇలా జరిగిన రోజు ఏమనాలో పదకొండేళ్ళ క్రితమే మాట సిద్ధం చేసి పెట్టుకున్నాను. అది నోటిదాకా వచ్చింది. నా జన్మలో అంత అసహ్యమైన మాట ఇంకోటి లేదనిపించింది. మింగేశాను.

"మరి సారె ఎవరికే?" అన్నాను.

"వీదికి," అంది. "పద."

మూడు గుమ్మాల్లో మూడు మూటలిచ్చాం. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒచ్చేవా బాబూ, రోజూ సెప్పేది నీ సెల్లి," అంది. తర్వాత తాళాల ఇళ్ళు మొదలయ్యాయి. అసిరమ్మ ప్రతి గడపకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ ఇంటావిడను పిలుస్తుంది. "వదినా, మా అన్న సారె తెచ్చినాడు." కాసేపు ఆగుతుంది. తర్వాత ఒక మూట మీద బొగ్గుతో ఆవిడ పేరు రాసి మళ్ళీ బుట్టలో పెడుతుంది. నాకేమీ అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

అయిదో ఇంటి ముందు తాళం మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. పిలవలేకపోయింది. అప్పుడు నేనే అరిచాను. రోజూ వందల మంది బరువులు అరిచిన గొంతు నాది. "అసిరమ్మ పుట్టింటి సారె వచ్చిందమ్మా!" అన్నాను. వీధి చివరిదాకా వినపడింది. అక్కణ్ణించి ప్రతి తాళం ముందూ నేనే అరిచాను. సూర్యాస్తమయం కోసం వచ్చిన జంట దూరంగా నిలబడి మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశారు. చూడనీ.

ఆఖరి ఇంటి దగ్గర అసిరమ్మ ఆగింది.

"ఇది గౌరిది. ఆళ్ళమ్మ సారె తెస్తాదని ఆరేళ్ళ కిందట వీదంతా పిల్సుకుంది. ముసిల్ది ఉత్తి సేతుల్తో దిగింది. రేవులో తీసేసినారంట. ఆ సిగ్గుతో గౌరి నెల తిరక్కుండా దీవి ఒగ్గేసింది. మొదట ఎల్నది ఆళ్ళే."

"ఎవరు తీసేశారో చెప్పిందా?"

"సెప్పింది," అంది నా వైపు చూడకుండా. "ఆళ్ళమ్మ పేరు గున్నమ్మ."

ఇంటికెళ్ళాక బుట్టలో పేరు రాయకుండా మిగిలిన ఏడు మూటలు తీసి నా ముందు పెట్టింది. "ఇయి లేని ఇళ్ళయి. నీ నోరు కట్టించిన ఇళ్ళు. నువ్వే తిను." ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. మింగుడు పడలేదు గానీ తిన్నాను.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ ఇరవై ఎనిమిది కుటుంబాలూ కొత్తరేవులోనే ఉన్నాయట. గౌరి తల్లి దగ్గర, మిగతావాళ్ళంతా దిగినవాళ్ళ కాలనీలో. నా తూకం గది గోడకు అవతల.

"పేర్లు రాసినాను. ఇంటింటికీ ఇచ్చి, ఏటన్నారో సెప్పు. అందరూ తీసుకుంటే ఆఖరి పడవకి నానూ మీ బావా ఒస్తాం. ఆళ్ళ మజ్జిన తలెత్తుకుని బతగ్గలను. ఒక్క గడప తప్పినా రాను అన్నా. ముసిలోలతో ఇక్కడే ఉండిపోతాను."

"గున్నమ్మ గడప కూడానా?"

"అదే ముందు."

నమోదు 11. తిరుగు పడవ. బరువు 71.6

దీవి రేవులో ఎవరూ తూచరు, కాబట్టి ఈ అంకె కొత్తరేవులో దిగాక తెలిసింది. గోడకు అవతలి తలుపులోంచి మొదటిసారి దిగాను. అక్కడి గుమస్తా పుస్తకం అడిగి చూశాను. చుక్కలదీవి నుంచి వచ్చినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, ఆరేళ్ళవీ, తేదీలతో సహా. ఎప్పుడైనా ఈ గోడ చుట్టూ తిరిగి వచ్చి ఉంటే సరిపోయేది. వంద అడుగులు కూడా లేదు.

నమోదు 12. ఆఖరి పడవకు ఇంకా 9 రోజులు.

రెండు రోజుల్లో ఇరవై ఏడు గడపలు తిరిగాను. అందరూ తీసుకున్నారు. "అసిరమ్మ అన్నవా? నిజంగా ఉన్నావేటి?" అని ఒకావిడ ఆశ్చర్యపోయింది. ఒకాయన పాత ఇంటి గడపకు పసుపు రాశారా అని అడిగి, రాశామంటే లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఇరవై ఎనిమిదో గడప గున్నమ్మది. చెల్లెలు అదే ముందన్నా, నేను చివరికి పెట్టుకున్నాను. అసిరమ్మ పొద్దున ఫోను చేసింది.

"గౌరోళ్ళు ఏటన్నారు?"

"ఇంకా వెళ్ళలేదు."

"అన్నా," అంది, అంతే.

మధ్యాహ్నం దుకాణం వెనక ఉన్న ఇంటికి వెళ్ళాను. గున్నమ్మే తలుపు తీసింది. మూట మీద కూతురి పేరు చూసింది.

"వీధి ఖాళీ అని నీకు ముందే తెలుసా?"

"నా కూతురు నా పక్కనే పడుకుంటాది. తెలీదేటి?"

"మరి నాతో పిండి దంచించావు, ముప్ఫై ఎనిమిది గడపలకు కట్టావు. ఒక్క మాట చెప్పలేదేం?"

"సెప్తే ఎల్దువేటి?"

వెళ్ళేవాణ్ణి కాదు. ఇంట్లో కూర్చుని, నేను అప్పుడే చెప్పాను అనుకుంటూ కడుపునిండా తినేవాణ్ణి. ఆ మాట నా మొహం మీదే రాసి ఉంది కాబోలు, ఆమె ఇంకేమీ అడగలేదు. మూట కోసం చెయ్యి చాచింది.

ఇచ్చేసి వచ్చేయొచ్చు. ఇచ్చేస్తే సారె అందినట్టే, చెల్లెలు పడవ ఎక్కినట్టే. చెయ్యి కదల్లేదు.

"గున్నమ్మా, ఆరేళ్ళ క్రితం నీ అరిసెలు తొట్టిలో వెయ్యలేదు. నేను తిన్నాను. చాలా బావున్నాయి."

ఆమె చెయ్యి గాల్లోనే ఉంది. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని తిన్నావు?"

"ఆరు."

చాలాసేపు నన్నే చూసింది. ఈవిడ కాటా మీద నేను నిలబడినట్టుంది. తర్వాత నా చేతిలోంచి మూట తీసుకుని, గడప మీద పసుపు పక్కన పెట్టింది.

"సారె అందిందని నీ సెల్లికి సెప్పు. ఒచ్చీమను," అంది. "నువ్వు లోపలికి రా. గౌరి ఉంది. ఆ అరిసెల మాట దానికి నువ్వే సెప్పు."

చెప్పులు విప్పుదామని గడప దగ్గర వంగాను. కాటా దగ్గర విప్పినవాటి బదులు ఇంకా కొనుక్కోనే లేదు, కాళ్ళకు చెప్పులు లేవు.